మగవాడు నాన్న అయ్యేదెప్పుడు?

మన కావ్యాల్లో, కథల్లో మగవాళ్ళు చెయ్యని పనంటూ లేదు. విల్లులు విరుస్తారు, సముద్రాలు దాటుతారు, రాజ్యాలు గెలుస్తారు, రాజీనామా కాగితం ఆఫీసరు మొహాన కొడతారు, ప్రేమించిన పిల్ల కిటికీ కింద వానలో తడుస్తూ నిలబడతారు. అంతా బాగానే ఉంది. కానీ అర్ధరాత్రి గుక్కపట్టి ఏడుస్తున్న పసివాణ్ణి భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ తిరిగిన నాయకులు ఎంతమంది ఉన్నారో ఓసారి లెక్కపెట్టి చూడండి. ఒక చేతి వేళ్ళు చాలు. వాటిలోనూ కొన్ని మిగిలిపోతాయి.

పిల్లల్ని ఎవరు ఎత్తుకోవాలన్నది ఉత్త ఇంటి తగాదా అయితే దాన్ని ఈ పేజీదాకా తెచ్చేదాన్ని కాదు. ఇది సాహిత్యానికీ సంబంధించిన ప్రశ్నే. మగవాడు తండ్రి అయినప్పుడు అతని మగతనానికి ఏమవుతుంది? పెరుగుతుందా, తరుగుతుందా? మన పెద్దల్ని అడగండి. పెళ్ళయి మూడేళ్ళు దాటినా కడుపు పండకపోతే ముందు కోడల్ని అంటారు, ఆ తర్వాత చాటుగా అతన్నీ అంటారు. అంటే బిడ్డ పుట్టడం మగతనానికి సర్టిఫికెట్టన్నమాట. సరే, సర్టిఫికెట్టు చేతికొచ్చింది. ఇప్పుడతను దాన్ని కాళ్ళమీద పడుకోబెట్టుకుని ఉగ్గు పడుతున్నాడనుకోండి. "ఇదేమిట్రా, ఆడంగి పనులు నువ్వూనూ!" అనేదీ ఆ పెద్దలే. కన్నందుకు మగాడు, పెంచితే ఆడంగి! ఈ రెండు మాటల మధ్యా ఇరుక్కున్న మనిషి గురించి మన రచయితలు ఏం రాశారా అని వెతుకుతూంటే నాకు కొన్ని చిత్రమైన సంగతులు కనిపించాయి.

మొట్టమొదటిది శకుంతల కథే. మనందరికీ బాగా తెలిసింది కాళిదాసు శకుంతల. ఉంగరం, దుర్వాసుడి శాపం, ఉంగరం మింగిన చేప. కానీ వ్యాసభారతంలోనూ, మన నన్నయగారి ఆదిపర్వంలోనూ ఉంగరమూ లేదు, శాపమూ లేదు. అక్కడ శకుంతల నిండుసభకి కొడుకుని వెంటబెట్టుకునే వస్తుంది. వాడేం చంటిపిల్లాడు కాదు. అడవి మృగాల్ని పట్టి ఆడించేపాటి వయసువాడు. వాడలా అమ్మ పక్కన నిలబడి చూస్తూ ఉండగానే దుష్యంతుడు, మీరెవరో నాకు తెలియదంటాడు. పోనీ మరిచిపోయి అన్నాడా అంటే అదీ కాదు. ఆకాశవాణి సాక్ష్యం చెప్పాక ఒప్పుకుంటాడు, అంతా గుర్తే ఉందని, లోకం ఏమంటుందోనని జంకానని.

ఆ సభలో శకుంతల వాదన చూడండి. సత్యం గొప్పదనం చెబుతుంది, భార్య స్థానం చెబుతుంది. వాటితోపాటు కొడుకుని ఒక్కసారి కౌగలించుకుంటే కలిగే సుఖం ముందు గంధమూ, వెన్నెలా దిగదుడుపేనని కూడా చెబుతుంది. ధర్మశాస్త్రం చదువుకున్న రాజుకి ఆవిడ ఒంటికి తగిలే చల్లదనం గురించి చెబుతోంది! నన్నయగారి అక్షరరమ్యత గురించి పండితులు ఎంతో రాశారు గాని, ఈ ఒక్క చోట ఆయన ఆడదాని తెలివిని పట్టుకున్న తీరు నాకు అంతకంటె గొప్పగా తోస్తుంది. రాజు మాత్రం సింహాసనం దిగలేదు. సభలో అతను మగవాడంటే ఏమిటి? మాట పడనివాడు, వేలెత్తి చూపించుకోనివాడు. ఆ కుర్రాణ్ణి దగ్గరకి తీసుకోవాలంటే ముందు ఆ కుర్చీలోంచి లేవాలి. ఆకాశంనుంచి ఆర్డరు వచ్చేదాకా లేవలేదు.

కాళిదాసుకి ఇది కష్టమనిపించి ఉండాలి. నాయకుణ్ణి కాపాడ్డానికి శాపం తెచ్చిపెట్టాడని అందరూ అంటారు, నిజమే. దాంతోపాటు ఆయన చేసిన ఇంకో పని మీద అంతగా దృష్టి పడదు. సభలోంచి పిల్లాణ్ణి తీసేశాడు. నాటకంలో శకుంతల గర్భవతిగా వస్తుంది. అంటే కొడుకు కళ్ళలోకి చూస్తూ కాదనే అవస్థ రాజుకి తప్పించాడు. ఆ తర్వాత ఆరో అంకంలో ధనమిత్రుడనే వర్తకుడు పిల్లలు లేకుండా సముద్రంలో పోయాడని, ఆస్తి రాజుకే చెందుతుందని కబురొస్తుంది. అప్పుడు దుష్యంతుడికి తన సంగతి గుర్తొస్తుంది. నా తర్వాత ఎవరు, పితృదేవతలకి నీళ్ళొదిలేదెవరు అని బెంగ. ఇదంతా జమాఖర్చుల తండ్రితనమే. వారసుడు కావాలి, పిండం కావాలి. బిడ్డ కావాలన్న మాట ఇంకా రాలేదు.

ఏడో అంకంలో వచ్చింది. మారీచుడి ఆశ్రమంలో ఒక కుర్రాడు సింహం పిల్ల నోరు తెరిచి పళ్ళు లెక్కపెడతానంటున్నాడు. తాపసి ఒకావిడ మట్టి నెమలి బొమ్మ చూపించి మరిపించబోతుంది. అల్లరి పిల్లాణ్ణి పట్టుకోమని అక్కడున్న కొత్తమనిషిని, అంటే రాజుని, అడుగుతుంది. అతను పట్టుకుంటాడు. ఆ తగలడంతోనే నాటకం మారిపోతుంది. మా నాన్న వేరే ఉన్నాడు, నువ్వు కాదు అని పిల్లాడు మొహం మీదే చెప్పేస్తాడు. నిండుసభలో ఒక్క మాట పడలేని మనిషి ఇక్కడ నవ్వుకుని ఊరుకుంటాడు. పిల్లాడి చేతి రక్ష కింద పడితే వంగి తీస్తాడు. తల్లిదండ్రులు తప్ప ఇంకెవరు ముట్టుకున్నా పామై కరిచే రక్ష అది. తీశాక శకుంతల కాళ్ళ మీద పడతాడు. ఈ అంకంలో రాజు చేసిన పనులన్నీ వంగి చేసినవే! శృంగార నాటకమని దాన్ని శతాబ్దాలుగా పొగిడాం. మొదటి మూడంకాల తుమ్మెద, తామరాకు ఉత్తరం ఒక ఎత్తు, ఈ మట్టి నెమలి ఒక్కటీ ఒక ఎత్తు అంటాన్నేను.

ఇంకో మాట. దుష్యంతుడు కొడుకుని చూసింది రాజధానిలో కాదు, ఆశ్రమంలో. రాముడి పిల్లలు పుట్టి పెరిగిందీ ఆశ్రమంలోనే. 1963లో వచ్చిన 'లవకుశ' సినిమా మనలో చాలామంది ఒకటికి నాలుగుసార్లు చూసినవాళ్ళమే. అందులో రాముడు కొడుకుల్ని ఎత్తుకోలేదు, వాళ్ళ నడక చూడలేదు. వాళ్ళు తన కథ తనకే పాడి వినిపించే వయసు వచ్చాక, తనతో యుద్ధానికి వచ్చాక చూశాడు. చూడబోతే మన ఇళ్ళలో అల్లుళ్ళ పద్ధతీ దీనికి దగ్గరిదే. తొలిచూలు పురుడు పుట్టింట్లో. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయి వెళ్ళిపోతుంది. ఒకప్పుడైతే అతనికి టెలిగ్రాం వచ్చేది, తర్వాత ట్రంకుకాలు వచ్చింది, ఇప్పుడు సెల్‌ఫోనులో ఫొటో వస్తోంది. బారసాలకి బట్టలు పెట్టించుకుని, ఉంగరం పెట్టించుకుని, పిల్లని ఓ అయిదు నిమిషాలు భయంభయంగా పట్టుకుని, రాత్రి బండికి వెళ్ళిపోతాడు. మూడో నెలలోనో అయిదో నెలలోనో తల్లీబిడ్డా ఇంటికి చేరేసరికి ఆ బిడ్డ గురించి అన్నీ తెలిసినవాళ్ళు ఇద్దరాడవాళ్ళు, ఏమీ తెలియనివాడు అతనూ. ఆ పద్ధతి అమ్మాయి సుఖానికి పెట్టింది. నేను కాదనను. పుట్టింట్లో తినే ఆ కాయమూ, ఆ నిద్రా అత్తింట్లో దొరుకుతాయా? కానీ మన కథల్లో తండ్రులు ఎందుకు ఎప్పుడూ వసారాలోనే ఉంటారో దీన్ని బట్టి కొంత తెలుస్తుంది. రాసిన మగవాళ్ళకీ ఆ గది తెలియదు.

గర్భవతి భర్తకి మన ఆచారం ఏ పనీ చెప్పలేదా అంటే, కొన్ని చెయ్యకూడని పనులు చెప్పింది. క్షౌరం చేయించుకోకూడదు, శవాన్ని మొయ్యకూడదు, సముద్రస్నానం చెయ్యకూడదు, కొబ్బరికాయ కొట్టకూడదు. ఆవిడ పొట్ట పెరుగుతూంటే ఇతని గడ్డం పెరుగుతూంటుంది! వీధిలోవాళ్ళు గడ్డం చూసి, "ఎన్నో నెల?" అని అతన్నే అడిగేవాళ్ళట. నవ్వులాటకి అనడం కాదు గాని, మగవాడి ఒంటి మీద కూడా ఆ వార్త రాసి ఉండాలని ఎవరో పూర్వం అనుకున్నారనే నాకు తోస్తుంది.

అంతకంటె ముందుకి వెళ్ళినవాళ్ళూ మన నేల మీదే ఉన్నారు. 1909లో థర్‌స్టన్ అనే ఇంగ్లీషాయన దక్షిణదేశపు కులాల గురించి ఏడు సంపుటాలు అచ్చువేశాడు. అందులో పందొమ్మిదో శతాబ్దపు గోదావరి ప్రాంతపు ఎరుకలవారి గురించి ఒక మిషనరీ రాసిన సంగతి ఉంది. భార్యకి నొప్పులు మొదలవగానే భర్త ఆవిడ బట్టలు కట్టుకుని, ఆవిడలా బొట్టు పెట్టుకుని, చీకటి గదిలో దుప్పటి కప్పుకుని పడుకుంటాడట. బిడ్డ పుట్టగానే స్నానం చేయించి అతని పక్కలో పడుకోబెడతారట. ఇంగువా, బెల్లమూ అవీ తల్లికి కాదు, ఆయనగారికి పెడతారట! ఇక్కడికొచ్చేసరికి మీకు ఒళ్ళు మండుతుందని తెలుసు. నొప్పులు ఈవిడవీ, కాయం ఆయనదీనా అని. నాకూ మండింది. కానీ కోపం చల్లారాక చూస్తే అందులో ఒక ధైర్యం ఉంది. ఇలాంటి ఆచారం ప్రపంచంలో ఇంకా చాలాచోట్ల ఉండేది. దానికి ఫ్రెంచివాళ్ళ మాటతో కూవాడ్ అని పేరు కూడా పెట్టారు. తండ్రి కావాలంటే మగవాడు కాసేపు చీర కట్టాలి, బొట్టు పెట్టాలి, పడుకోవాలి. లేకపోతే బిడ్డ తనదవదు. మన నాగరికులు అదే బిడ్డని తనదనడానికి గోత్రం చాలన్నారు.

గోత్రం అనేసరికి పాండురాజు గుర్తొస్తాడు. ముని శాపం వల్ల భార్యల్ని తాకే యోగం లేనివాడు. పిల్లల్ని కనిపెట్టమని కుంతిని తనే బతిమాలి దేవతల దగ్గరకి పంపించాడు. అయిదుగురు పుట్టారు. ఒక్కడూ అతనికి పుట్టలేదు, అయిదుగురూ పాండవులే! పుట్టించడం వేరు, తండ్రి కావడం వేరు అని ఇంత స్పష్టంగా చెప్పిన పుస్తకం ఇంకోటి లేదు. అడవిలో పిల్లల్ని చూసుకుంటూ హాయిగానే ఉన్నాడు పాండురాజు. వసంతం వచ్చింది. మాద్రి ఎదురైంది. శాపం సంగతి తెలిసే దగ్గరకి వెళ్ళాడు, పోయాడు. కామం అనేసి కథకులు ముందుకి వెళ్ళిపోతారు. అయిదుగురు కొడుకులున్నా, తనలో తీరని అనుమానం ఒకటి ఆ వసంతందాకా మిగిలిపోయిందేమోనని నాకు అనిపిస్తుంది.

భారతంలో నన్ను అన్నిటికంటె కదిలించిన తండ్రి ద్రోణుడు. గురువుగా మనం ఆయన్ని తిడుతూనే ఉంటాం. ఏకలవ్యుడి బొటనవేలు విషయంలో తిట్టవలసిందే. కానీ ఆయన విలుకాడుగా జీవితం మొదలుపెట్టింది ఎక్కడో చూడండి. పేద బ్రాహ్మడు. ఇంట్లో ఆవు లేదు. డబ్బున్నవాళ్ళ పిల్లలు పాలు తాగుతూంటే చూసి అశ్వత్థామ ఏడ్చాడు. ఆవు కోసం తండ్రి ఊరూరా తిరిగాడు. దొరకలేదు. తోటిపిల్లలు పిండి కలిపిన నీళ్ళు పాలని చెప్పి ఇచ్చారు. తాగి, పాలు తాగాను పాలు తాగాను అని గంతులేశాడు ఆ పసివాడు. చుట్టూ పిల్లలు నవ్వారు. మూలభారతంలో ఇదంతా ద్రోణుడు తన నోటితోనే భీష్ముడికి చెబుతాడు. కొన్నేళ్ళ తర్వాత కూడా ఆ గంతులు ఆయన కళ్ళముందు కదులుతూనే ఉన్నాయి. అప్పుడే చిన్ననాటి స్నేహితుడు ద్రుపదుణ్ణి తలుచుకుని వెళ్ళాడు. రాజుకీ పేదవాడికీ స్నేహమేమిటని ద్రుపదుడు అవమానించాడు. ఆ తర్వాత సంగతి మీకు తెలుసు. కౌరవపాండవులకి విలువిద్య నేర్పడం, గురుదక్షిణగా ద్రుపదుణ్ణి కట్టి తెప్పించడం, ద్రుపదుడు పగబట్టి యజ్ఞం చేసి ధృష్టద్యుమ్నుణ్ణి కనడం. కురుక్షేత్రం మంటల్లో ఒకటి పాలు లేని ఆ ఇంట్లోనే అంటుకుంది.

ఇది చదివినప్పుడల్లా నాకు తోచేదొకటే. ఏడ్చే బిడ్డకి పాలివ్వలేకపోవడమన్నది ఆడదానికి దుఃఖం. మగవాడికి అది దుఃఖంగా ఉండడానికి వీల్లేదు. అతనికది వెంటనే అవమానం అయిపోతుంది. అవమానం పౌరుషం అవుతుంది. పౌరుషానికి ఒక శత్రువు కావాలి. ద్రోణుడు కొడుకుని ఒళ్ళోకి తీసుకుని ఏడ్చి ఉంటే ఏమయ్యేదో వ్యాసుడు చెప్పలేదు. కానీ చివరికి, పదిహేనో రోజు యుద్ధంలో, అశ్వత్థామ పోయాడన్న మాట ధర్మరాజు నోటివెంట వినేసరికి విల్లు కింద పెట్టేశాడు. భీముడు చంపింది ఆ పేరున్న ఏనుగుని. అయిదు రోజులు సేనాపతిగా ఎవరికీ లొంగని మనిషి ఒక్క మాటకి కూర్చుండిపోయాడు. కొడుక్కి పాలు లేక మొదలైన పరుగు కొడుకు లేడన్న మాటతో ఆగింది. ధృష్టద్యుమ్నుడు వచ్చి తల నరికాడు.

ద్రోణుడు పాలకోసం ఊళ్ళు తిరిగాడు. ఇక కూతుర్నే పాలిచ్చే ఆవులా చూసిన తండ్రి కావాలంటే గురజాడవారి దగ్గరకి రావాలి. 'కన్యాశుల్కం' 1892లో మొదటిసారి ఆడారు. ఇప్పుడు మనం చదువుతున్న పెద్ద నాటకం 1909 నాటిది. అందులో అగ్నిహోత్రావధాన్లు పెద్దకూతురు బుచ్చమ్మని అమ్మాడు, అది విధవైంది. చిన్నకూతురు సుబ్బిని పద్దెనిమిదివందలకి బేరం పెట్టాడు. పేరులోనే అగ్నిహోత్రం. ఇంట్లో ఆయన తండ్రితనం ఎప్పుడూ కోపం రూపంలోనే కనిపిస్తుంది. కొడుకు వెంకటేశం పరీక్ష తప్పి ఇంటికి రావాలంటే గిరీశాన్ని అడ్డం పెట్టుకుని వస్తాడు. అరుపులు ఆపితే ఆయన దగ్గర మిగిలేదేమిటో ఆయనకే తెలియదు. అటు లుబ్ధావధాన్లూ తండ్రే. విధవ కూతురు మీనాక్షిని ఇంట్లో పెట్టుకుని పసిపిల్లని పెళ్ళాడబోయిన తండ్రి.

ఇద్దరు అసలు తండ్రులూ ఇలా ఉంటే, నాటకంలో తండ్రిగా నిలబడిందెవరు? కరటకశాస్త్రి. మేనకోడలు సుబ్బిని తప్పించడానికి శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, తను గుంటూరు శాస్త్రుల వేషం కట్టి, ఉత్తుత్తి కూతుర్ని ఉత్తుత్తిగా అమ్మి చూపించాడు. తండ్రి వేషం వేసినవాడికున్న ప్రేమ తండ్రికి లేదు. గిరీశం, మధురవాణి వెలుగులో ఈ సంగతి మనకి కనిపించకుండా పోతుంది గాని, గురజాడవారు తండ్రితనం మీద వేసిన దెబ్బ కన్యాశుల్కం మీద వేసిన దెబ్బకేం తీసిపోదు.

ఆయన తర్వాతివాళ్ళలో చాసోగారి 'ఎందుకు పారేస్తాను నాన్నా' ఒక్కటి చాలు. పిల్లాడికి చదువంటే ప్రాణం, ఇంట్లో డబ్బు లేక బడి ఆగిపోయింది. తండ్రి వాణ్ణి చుట్టలకి పంపిస్తాడు. దారిలో బడి. అంతే కథ. ఇక్కడా పాలు లేని ద్రోణుడే. కాకపోతే ఈయనకి ద్రుపదుడు లేడు, విల్లు లేదు. కొడుకు కళ్ళముందు చిన్నబోవడం తప్ప దారి లేదు. ఆ చిన్నబోవడాన్ని కోపంగా మార్చకుండా, నీతిబోధగా మార్చకుండా రాశాడు చాసో. తెలుగు కథలో తండ్రి తన ఎత్తు తగ్గించుకుని కొడుకు ఎత్తుకి దిగిన చోటు అదొక్కటే కాకపోవచ్చు, కానీ అంత పొదుపుగా దిగినది నేను చదవలేదు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో దీనికి తిరగబడ్డ బొమ్మ కనిపిస్తుంది. సీతారామారావుకి తండ్రి ఆస్తి హారతికర్పూరం చేసి, వంశప్రతిష్ఠ నిలబెట్టమన్న మాట మాత్రం మిగిల్చిపోయాడు. ఆ మాట కిందపడి కొడుకు మనిషి కాకుండా పోయాడు. ఆ నవలని గోపీచంద్ అంకితమిచ్చింది ప్రశ్నించడం నేర్పిన తన తండ్రికి! ఒకే అట్ట మధ్య ఇద్దరు నాన్నలు.

ఇంతమంది మగ రచయితల్ని అన్నాక ఆడవాళ్ళ నవలల్ని వదిలేస్తే అన్యాయం. వారపత్రికల సీరియళ్ళ కాలంలో మన మనసులు దోచిన నాయకులందరూ ఆరడుగులవాళ్ళు, కారున్నవాళ్ళు, తక్కువ మాట్లాడేవాళ్ళు. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' రాజశేఖరాన్ని మరిచిపోయినవాళ్ళెవరు? నాయిక జయంతి ఆత్మాభిమానం, అతని గాంభీర్యం మధ్య ఆ నవల నడిచిన తీరు ఇవాళ చదివినా పట్టు వదలదు. కానీ జయంతీ అతనూ ఒకటయ్యేసరికి నవల అయిపోతుంది. ఆ తర్వాత ఆ తెల్లలాల్చీ మీద పిల్ల కక్కిందా? తెల్లవారుజామున మూడింటికి జయంతి లేవలేక పడుకుంటే రాజశేఖరం పాలు వెచ్చబెట్టాడా? రాయలేదు. మనం అడగలేదు కూడా. అందుకు రచయిత్రిని తప్పుపట్టను. పెళ్ళయి, పిల్లల్ని చంకనేసుకుని, ఇంటి చాకిరీ అంతా ముగించి ఓ గంట కూర్చుని చదువుకునే మనిషికి మళ్ళీ కథలో కూడా పాలసీసాలేనా? కలలో అయినా గంభీరంగా ఉండే మనిషి కావాలనిపిస్తుంది. చిక్కెక్కడంటే ఆ గాంభీర్యమే పెళ్ళయ్యాక మూడో ఏట పేపరు చాటు నుంచి, "పిల్లాణ్ణి అవతలికి తీసుకెళ్ళు" అంటుంది.

ఈమధ్య ఈ సంగతి శాస్త్రజ్ఞులు కూడా కొలిచారు. ఫిలిప్పీన్స్‌లోని సెబూ ప్రాంతంలో 624 మంది యువకుల్ని నాలుగున్నరేళ్ళ తేడాలో రెండుసార్లు పరీక్షించి, ఆ ఫలితాలు 2011లో అచ్చువేశారు. మగ హార్మోనని చెప్పే టెస్టోస్టిరోన్ ఎవరిలో ఎక్కువ ఉందో వాళ్ళే ఆ తర్వాత జత కట్టి తండ్రులయ్యారట, ఎక్కువమంది. తండ్రులయ్యాక మాత్రం అది బాగా పడిపోయిందట. అందులోనూ రోజుకి మూడు గంటలో, ఇంకా పైనో పిల్లల పని చేసేవాళ్ళలో మరీ తక్కువట. "చూశావా, నే చెప్పలా! ఆడంగి అయిపోతాడని" అని మా అత్తగారి తరంవాళ్ళు తలూపుతారు. నాకు మాత్రం ఇది చదవగానే కాళిదాసు ఏడో అంకం గుర్తొచ్చింది. సింహాసనం దిగని దుష్యంతుణ్ణి వంగేలా చేసినది ఆ పిల్లాడి చెయ్యి తగలడమే కదా. ఒంటికి తెలిసిన సంగతి మన మాటలకి ఇంకా తెలియలేదు. తెలుగులో ఆ తగ్గుదలకి పేరే లేదు. మార్దవం అంటే పుస్తకం వాసన. మెత్తబడ్డాడు అంటే ఓడిపోయాడని అర్థం. చల్లబడ్డాడు అంటే ఇంకా అన్యాయం. మాట లేని అనుభవాన్ని కథకుడైనా ఎలా రాస్తాడు చెప్పండి? రచయితల పని అక్కడే ఉంది. 'నాన్న' అన్న పిలుపు చుట్టూ కొత్త క్రియాపదాలు కావాలి మనకి. అమ్మ కుడుపుతుంది, జోకొడుతుంది, దిష్టి తీస్తుంది, ఒళ్ళో వేసుకుంటుంది, కాళ్ళమీద వేసుకుని నీళ్ళుపోస్తుంది. నాన్న? తెస్తాడు, తిడతాడు, ఫీజు కడతాడు.

మా ఎదురింటి కుర్రాడు బ్యాంకులో పనిచేస్తాడు. సాయంత్రం పూట గుండెలకి కట్టుకున్న గుడ్డసంచీలో చంటిదాన్ని పెట్టుకుని కూరగాయల బండి దగ్గర నిలబడి వంకాయలు ఏరుతాడు. మొదట్లో వీధంతా తలుపుల చాటునుంచి చూసింది. ఇప్పుడు బండివాడు, "ముందు పాపగారికి తూచనివ్వండమ్మా" అంటున్నాడు. ఆ కుర్రాడు చెవులదాకా ఎర్రబడతాడు గాని, సంచీ విప్పడు. అతన్ని చూసినప్పుడల్లా ఈ ఎర్రబడడాన్ని ఎవరైనా రాస్తే బాగుండునని అనిపిస్తుంది. ఆదర్శపురుషుడిగా రాస్తే పాడైపోతుంది. ఇప్పటి వాణిజ్య ప్రకటనల్లో డైపరు మారుస్తూ పళ్ళికిలించే నాన్నలున్నారు చూశారూ, వాళ్ళకి సిగ్గూ లేదు, నిద్ర చాలకపోవడమూ లేదు. వాళ్ళు కూడా కిటికీ కింద తడిసిన పాత హీరోలే, వేషం మార్చారంతే. సిగ్గుపడుతూనే సంచీ విప్పనివాడు కథకి కావాలి.

కేంద్ర ప్రభుత్వోద్యోగి తండ్రయితే, ఇద్దరు పిల్లల వరకూ, 15 రోజులు సెలవిస్తున్నారు, గత శతాబ్దం చివర్నించీ. తల్లికి 2017లో సవరించిన చట్టం ప్రకారం 26 వారాలు. ఆ 15 రోజుల్లో పురిటి మైల పేరుతో పదకొండో నాటి స్నానందాకా అతన్ని గదిలోకి రానివ్వం. మిగిలేవి నాలుగు. ఆ నాలుగు రోజులూ అత్తగారింట్లో, వసారాకీ పురిటిగదికీ మధ్య ఆ మనిషి ఏం చేశాడో, గుమ్మం దాటాడో లేదో, దాటినప్పుడు గదిలో ఉన్న ఆడవాళ్ళం మనం ఏమన్నామో రాసిన కథ ఏదైనా మీ కంటపడితే దయచేసి నాకు ఉత్తరం రాయండి.